పాడని పాటల అయ్యవారు

పోయిన నెలలో ఒక సాయంత్రం హిందూపురంలో మా ఇంటికి ఒక తల్లి తన పాపను వెంటబెట్టుకుని వచ్చింది. టీవీలో పిల్లల పాటల పోటీ ఏదో జరుగుతోందట, దానికి పాపను సిద్ధం చేయాలట. ఈ ఊళ్ళో ఎంతోకాలం పిల్లలకు సంగీతం చెప్పి, చూపు ఆనక మానుకున్నదాన్ని నేను. ఆ సంగతి చెప్పినా ఆమె వినలేదు. "ఒక్కసారి విని చెప్పండి మేడమ్, చాలు" అని పాపను నా ముందు నిలబెట్టి, "పాడతావు కదా, బంగారూ?" అంది. పాప తల ఊపింది. ఊపుతూనే గౌను అంచును వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. బాగానే పాడింది. నేను మెచ్చుకుని, ఒక అరటిపండు చేతిలో పెట్టి పంపించాను. వాళ్ళు వెళ్ళిపోయాక దేవుడి దగ్గర దీపం పెట్టడం కూడా మరిచి అట్లాగే కూర్చుండిపోయాను. మనసు ధర్మవరంలో మా నాయన అంగడికి పోయింది. రెండో ప్రపంచ యుద్ధం సెగ ఇంకా మా ఊరి దాకా రాని రోజులవి.

మా ఇంటి ముందుభాగం పట్టుచీరల అంగడి, వెనకభాగం ఇల్లు, రెంటికీ నడుమ సరుకు పెట్టుకునే గది. వీధికి ఆ పక్కా ఈ పక్కా మగ్గాలే. తెల్లవారకముందే పట్టు ఉడికించే పెద్ద గంగాళాల నుంచి సోడా, సబ్బు కలిసిన ఘాటైన ఆవిరి లేచి వీధంతా కమ్ముకునేది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన రాకపోతే తెల్లవారినట్టే అనిపించేది కాదు. మా అమ్మ నేను నడక నేర్వకముందే పోయింది. ఇల్లు నడిపింది మా నాయన తల్లి, మా అవ్వ. ఆమె పొద్దున్నే ఊరిబిండి పచ్చడి నూరుతూ రోటి దగ్గర కూర్చుంటే వేయించిన శనగకాయల వాసనకు పిల్లులు కూడా లేచి వచ్చేవి. సాయంత్రం సాంబ్రాణి వేసి, హారతి పళ్ళెం చేతికి తీసుకుని, "రుక్కూ, అందుకో" అనేది. నేను మంగళహారతి పాట ఎత్తుకునేదాన్ని. ఎవరు నేర్పారో తెలియదు. అవ్వ నోటి నుంచి అబ్బి ఉంటుంది. ఆ పాటకూ నాకూ మధ్య ఎవరూ లేని కాలం అది.

మా నాయన సుబ్బయ్యశెట్టికి నేనంటే ప్రాణం. ఆయన ప్రేమలో ఏ కల్తీ లేదని ఇప్పటికీ ఒట్టు పెట్టి చెప్పగలను. ఒకనాడు హారతి వేళకు లోపలికొచ్చి నా పాట విన్నాడు. మరునాడే గ్రామఫోను కొనుక్కొచ్చాడు. ప్లేటు తిరుగుతుంటే నేను విని పాడేదాన్ని. బెంగుళూరు నుంచో బళ్ళారి నుంచో చీరలకు పెద్ద మనుషులు వచ్చినప్పుడు నాయన నన్ను పిలిచి, చీరలు పరిచే బల్ల మీదికి ఎత్తి నిలబెట్టేవాడు. "పాడతావు కదమ్మా?" అనేవాడు. పాడేదాన్ని. వాళ్ళు బుగ్గలు పుణికి కలకండ పెట్టేవారు. నాయన మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు కోసమే నేను పాడేదాన్నేమో. ఒక్కోసారి ఆడుకుంటున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు పిలుపు వచ్చేది. అంగడి గడప దాటేటప్పుడు నా చేతులు చల్లబడేవి. అది భయమని అప్పట్లో నాకు తెలియదు. పాడేవాళ్ళందరికీ చేతులు చల్లబడతాయి కాబోలు అనుకున్నాను.

ప్లేటు పాట చాలదు, పాపకు శాస్త్రం కావాలని ఎవరో నాయనకు చెప్పారు. అట్లా వచ్చాడు వెంకోబరావు అయ్యవారు. పెనుకొండ మనిషి. ఆదివారం, బేస్తవారం రైల్లో వచ్చి మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయేవాడు. సన్నగా, కొంచెం వంగి, చంకలో ఫిడేలు పెట్టెతో అంగడి ముందు నిలబడితే చీరలు బేరమాడ వచ్చిన పూజారిలా ఉండేవాడు. మొదటిరోజు నాయన మర్యాదగా, "ఒక కీర్తన పాడండి సామీ, వినాలని ఉండాది" అన్నాడు. అయ్యవారు నవ్వాడు. ఆయన గొంతు గరగరా ఇసుక మీద చెప్పు రాసినట్టు ఉండేది.

"నేను పాడను శెట్టీ. నాకు గొంతు లేదు. ఫిడేలుతో చెప్తా."

నాయన మొహం మారిపోయింది. అయ్యవారు వెళ్ళాక అవ్వతో, "గొంతు లేనాయన గొంతుకు పాఠమేం చెప్తాడమ్మా?" అని విసుక్కున్నాడు. అవ్వ, "చూద్దాం ఉండప్పా, ఈతగాడే ఈత నేర్పల్లని యాడుండాది?" అంది.

ఆయన చెప్పిన పాఠాలు అసలు పాఠాల్లాగే ఉండేవి కావు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "ఆ ఎదురింటి మగ్గం, ఈ పక్కింటి మగ్గం, ఏది ముందు పలుకుతాండాది చెప్పు" అనేవాడు. అవ్వ వంటింట్లో చెంబు కింద పెడితే, ఆ మోతను ఫిడేలు మీద వెతికి పట్టుకోమనేవాడు. పట్టుకునేదాకా ఓపికగా కూర్చునేవాడు. నేను స్వరం తప్పితే తప్పని అనేవాడు కాదు. ఆ స్వరాన్ని ఫిడేలు మీద మళ్ళా పలికించి ఊరుకునేవాడు. నేను వినేదాన్ని, నాకే తెలిసేది, నేనే సరిచేసుకునేదాన్ని. పాట రుచి తగిలి, ఇంకొంచెం, ఇంకొంచెం అనిపించే వేళకు ఫిడేలు కమాను దించేసేవాడు. "ఇంకొక్కటి అయ్యవారూ" అని బతిమాలితే, "ఆకలి ఉండంగానే విస్తరి ఎత్తల్ల అమ్మణ్ణీ. అప్పుడే మళ్ళా వడ్డించేదాకా మనసు పంక్తిలోనే ఉంటాది" అనేవాడు. ఎందుకు పాడవని ఒకసారి అడిగాను. "నేను పాడితే నువ్వు నా గొంతు నేర్చుకుంటావు. నీ గొంతు యాడికి పోవల్ల?" అన్నాడు.

అసలు కారణం అది కాదని తర్వాత తెలిసింది. ఒక బేస్తవారం పాఠమయ్యాక పెరటి పంచలో ఆయన మజ్జిగ తాగుతుంటే అవ్వ అడిగేసింది, పుట్టుకతోనే గొంతు ఇట్లా ఉందా అని. ఆయన చెంబు కింద పెట్టాడు. చిన్నప్పుడు నాటకాల కంపెనీలో బాలవేషాలు కట్టేవాడట. తెర లేవగానే ఆయన పాట కోసమే జనం వచ్చేవారట. గొంతు మారే వయసు వచ్చింది. కంపెనీ యజమాని ఒప్పుకోలేదు. మిరియాల కషాయాలు పోయించి, అదే పైశ్రుతిలో పాడించాడు. బళ్ళారిలో ఒక ఆటలో, పద్యం మధ్యలో గొంతు తెగింది. తిరిగి రాలేదు.

"జనం ఈలలేసినారమ్మా. దానికి నాకు బాధ లేదు" అన్నాడాయన. "పాడతావా రా అబ్బాయా, నీకు పాడల్లని ఉండాదా అని ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. మా నాయన కూడా."

అవ్వ ఆయన చెంబులో ఇంకొంచెం మజ్జిగ పోసింది.

ఆ తర్వాతే ఇంట్లో బిగువు మొదలైంది. నన్ను బల్ల మీద నిలబెట్టడం అయ్యవారు ఒకసారి చూశాడు. కొనేవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, "శెట్టీ, పాపను సరుకుల నడుమ నిలబెట్టద్దు" అన్నాడు. నాయన చీర మడత పెడుతున్నవాడల్లా ఆగి, "నా బిడ్డ సామీ" అన్నాడు. "నీ బిడ్డే. పాట మాత్రం ఆ పాపది" అన్నాడు అయ్యవారు. ఇద్దరూ గొంతు పెంచలేదు.  అప్పటి నుంచి నాయన ఇంట్లో ఉన్న రోజు పాఠమంటే, ఇద్దరు పెద్దవాళ్ళు రెండు కొసలు పట్టుకుని లాగుతున్న దారం మీద కూర్చున్నట్టుండేది.

అట్లాంటప్పుడే హిందూపురం కబురు వచ్చింది. బెంగుళూరు నుంచి ప్లేట్ల కంపెనీ మనిషి ఒకాయన వస్తున్నాడు, చిన్నపిల్లల గొంతులు విని, నచ్చినవాళ్ళ పాట ప్లేటుకు ఎక్కిస్తాడు అని. హిందూపురంలో బెల్లం మండీ పెట్టుకున్న నాయన స్నేహితుడి మిద్దె మీద ఏర్పాటు. నాయన ఆ వారమంతా నేల మీద నడవలేదు. "బేబీ రుక్మిణి అని ప్లేటు మీద పేరేస్తారంట!" అని అంగడికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. నాకు కొత్త పరికిణీ నేయించాడు. అయ్యవారికి కబురు పంపాడు, ఫిడేలు వాయించడానికి రావాలని. ఆయన వద్దనే చెప్పాడు. ఇంకో రెండేళ్ళు ఆగమన్నాడు. నాయన, "మీరు రాకుంటే ఇంకొకరిని పెట్టుకుంటా" అన్నాడు. అప్పుడు అయ్యవారు వస్తానన్నాడు.

పోవలసిన రోజుకు నాకు పడిశం పట్టింది. అవ్వ శొంఠి, మిరియాలు వేసి పాలు కాచి ఇచ్చి, "ఈపొద్దు వద్దులేరా సుబ్బయ్యా, పాపకు ఒళ్ళు వెచ్చగా ఉండాది" అంది. నాయన వినిపించుకోలేదు. రైలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాను. బొగ్గుపొగకు దగ్గు వచ్చింది. పెనుకొండలో కొండ కనిపించగానే అయ్యవారు కనిపిస్తాడని మెడ సాచి చూశాను. ఆయన ఎక్కి, నా ఎదురుగా కూర్చుని, ఒక్క దగ్గు విన్నాడు.

"శెట్టీ, మలుగూరులో దిగి ఎదురుబండికి ఇంటికి పోదాం."

"అందరికీ చెప్పేసినా సామీ. పెద్దమనుషులు కూర్చోనుంటారు. నా మర్యాద ఏం గావల్ల?"

అయ్యవారు ఫిడేలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ ఉంచి కూర్చున్నాడు. నేను ఒకసారి ఆయన వంక, ఒకసారి నాయన వంక చూస్తూ, దగ్గు వస్తే నోటికి పరికిణీ అడ్డం పెట్టుకుంటూ హిందూపురం చేరాను.

మిద్దె మీద జంపఖానా పరిచి ఉంది. కింద మండీ నుంచి బెల్లం, చింతపండు వాసన మెట్ల వెంట పైకి వస్తోంది. కంపెనీ మనిషి కోటు వేసుకుని దిండుకు ఆనుకున్నాడు. పక్కన హార్మోనియం ఆయన. మాకంటే ముందు మడకశిర నుంచి వచ్చిన ఒక అమ్మాయి పాడుతోంది. నా ఈడుదే. కళ్ళు మూసుకోకుండా, నవ్వుతూ, ఎంత హాయిగా పాడిందో! అందరూ భేష్ అన్నారు. ఆ అమ్మాయి "ఇన్నొందు హాడ్లా?" అని కన్నడంలో తనంతట తనే అడిగి ఇంకో పాట కూడా పాడేసింది. ఆ తర్వాత నన్ను పిలిచారు.

అయ్యవారు నా శ్రుతికి తీగలు సవరించాడు. కంపెనీ మనిషి చెయ్యి ఎత్తి, సగం కన్నడంలో, "ఇంకా మేలే, ఇంకా పైన కావల్ల. చిన్నపిల్ల గొంతు ప్లేటులో గణగణమనల్ల" అన్నాడు. హార్మోనియం పైశ్రుతి పట్టుకుంది. అయ్యవారు ఫిడేలు మార్చలేదు. నాయన ఆయన వంక చూశాడు. ఆ చూపుకు అయ్యవారు తీగలు బిగించాడు. నేను ఎత్తుకున్నాను. కింది స్వరాలు నడిచాయి. పైకి పోయేచోట గొంతు రెండుగా చీలి, గాలి మాత్రమే బయటికి వచ్చింది. "పర్వాలేదు, మళ్ళా" అన్నాడు కంపెనీ మనిషి. మళ్ళా పాడాను. మళ్ళా అక్కడే. "ఇంకొంచెం గట్టిగా, గట్టిగా!" అన్నాడు. నాయన ముందుకు వంగి, చేతులు జోడించినట్టు పెట్టి, "పాడతావు కదమ్మా? ఒక్కసారి. పాడతావు కదా?" అన్నాడు. ఆయన నుదుటి మీద చెమట. నా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా నోరు తెరిచాను.

అప్పుడు ఫిడేలు ఆగింది. అయ్యవారు కమాను జంపఖానా మీద పెట్టి, అందరి మధ్యా నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"అమ్మణ్ణీ, నీకు పాడల్లని ఉండాదా?"

 కింద మండీలో ఎవరో బెల్లం అచ్చులు దించుతున్న మోత. నా జన్మలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాయన మొహం చూశాను. అయ్యవారి మొహం చూశాను. ఆయన కళ్ళల్లో ఏ జవాబూ లేదు, నేను ఏది చెప్పినా సరేనన్నట్టుగా చూస్తున్నాడు.

"లేదు" అన్నాను.

ముందు ఎవరో నవ్వారు. ఇంటాయన, "ఏమప్పా సుబ్బయ్యా, పిల్లోళ్ళను అడిగి పాడించేది యాడన్నా ఉండాదా?" అన్నాడు. ఇంకొందరు నవ్వారు. నాయన లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. చెయ్యి గట్టిగా పట్టుకోలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

తిరుగుబండిలో ముగ్గురం ఒకే పెట్టెలో కూర్చున్నాం. పెనుకొండలో అయ్యవారు దిగబోతుంటే నాయన కిటికీలోంచి చూస్తూనే, "ఇంక మీరు మా ఇంటికి రావద్దు సామీ" అన్నాడు. "సరే శెట్టీ. పాపను మాత్రం ఏమీ అనద్దు" అన్నాడాయన. నా తల మీద చెయ్యి వేసి దిగిపోయాడు.

నాయన నన్ను ఏమీ అనలేదు. అదే శిక్ష అయింది. ఎదురుపడితే నా తల మీదుగా చూసేవాడు. సాయంత్రం అవ్వ హారతి పళ్ళెం ఎత్తి "అందుకో" అంటే నాకు పాట రాలేదు. నోరు తెరిస్తే బెల్లం మండీ మిద్దె కళ్ళముందుకు వచ్చేది. అవ్వ ఒక్కతే పాడి ముగించేది. కొన్నాళ్ళకు మడకశిర అమ్మాయి ప్లేటు వచ్చింది. నాయన కొనుక్కొచ్చాడు. పొద్దున అంగడి తెరవగానే అదే, సాయంత్రం మూసేటప్పుడూ అదే. నేను ఇంటి వెనక ఏ మూలకు పోయినా వినపడేది. ఒకరోజు అవ్వ రోటి దగ్గరి నుంచి లేచి అంగడిలోకి పోయి, కొనేవాళ్ళ ముందే, "సుబ్బయ్యా, నువ్వు పాపను నాలుగు కొట్టింటే మేలుగా ఉండు. ఏడ్చి మరిచిపోయుండు. ఇదేం పనిరా?" అంది. నాయన ప్లేటు తీసేశాడు. నాతో మాత్రం మాట కలపలేదు.

ఎన్నాళ్ళు గడిచాయో. ఒక మధ్యాహ్నం వీధిలో మగ్గాలన్నీ భోజనాలకు ఆగిన వేళ నేను సరుకు గదిలో చీరల దొంతరల మధ్య కూర్చుని ఉన్నాను. ఎదురింటి మగ్గం ఒక్కటే ఆగకుండా ఆడుతోంది. ఆ మోత విని, అలవాటుగా దాని స్వరం వెతికాను. దొరికింది. దాన్ని పట్టుకుని పక్క స్వరానికి, అక్కడి నుంచి ఇంకో దానికి పోయాను. ఎప్పుడు గొంతు తెరిచానో నాకే తెలియదు. హారతి పాటలోకి పోయాను. హాయిగా ఉంది. అప్పుడు గడప మీద నీడ పడింది. నాయన. తలుపు పక్కన ఆగి వింటున్నాడు. ఆ నీడ చూడగానే నా గొంతు దానంతట అదే మూతపడింది. నేను ఆపలేదు, అదే ఆగిపోయింది. నాయన అది చూశాడు. కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత చప్పుడు కాకుండా వెనక్కి అడుగులు వేసి వెళ్ళిపోయాడు.

నేను పెద్దయ్యాక ఎందరో పిల్లలకు పాఠం చెప్పాను. అయ్యవారు ఏం నేర్పాడు, ఏ పద్ధతిలో నేర్పాడు అని అడిగేవాళ్ళకు శ్రుతి గురించి, చెవి గురించి ఏవేవో చెప్తాను. అసలు చెప్పవలసింది చిన్న మాట. "పాడతావు కదా?" అన్నది ప్రశ్న కాదు. ఆ "కదా"లో జవాబు ముందే పెట్టి ఇస్తాం, పిల్లలు దాన్ని మనకే తిరిగి ఇస్తారు. అప్పట్లో మా నాయన ఒక్క అంగడి బల్ల మీద నిలబెట్టాడు. ఇప్పుడు బల్లలు పెద్దవయ్యాయి, దీపాలు ఎక్కువయ్యాయి, ఊరూ వాడా చూస్తోంది. ఇప్పటి తల్లిదండ్రులు మా నాయన కంటే చదువుకున్నవాళ్ళు, పిల్లల మీద చెయ్యి కూడా ఎత్తరు. "కదా" మాత్రం పోలేదు. అట్లాగని వేదికలు చెడ్డవని నేను అనలేను. మడకశిర అమ్మాయి గొంతు ఏమీ చెడిపోలేదు. పెద్దయ్యాక కూడా బాగా పాడింది, పేరు తెచ్చుకుంది. అయ్యవారి భయం ఆమె విషయంలో నిజం కాలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ మాటే అయ్యవారితో ఒకసారి అంటే, "ఆ పాపకు పాడల్లని ఉండింది. తానే ఇంకో పాట అడిగి పాడింది కదమ్మా. నేను వద్దన్నది ప్లేటును కాదు" అన్నాడు.

సరుకు గదిలో ఆ నీడ పడిన మరునాడు నాయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఎన్నాళ్ళకో నా మొహంలోకి చూశాడు. ఏదో అడగబోయి ఆగాడు. మాట వెతుక్కుంటున్నాడని తెలుస్తోంది. చివరికి, "నీకు... పాట నేర్చుకోవల్లని ఉండాదా?" అన్నాడు. ఆయన నోట ఆ మాట ఎంత ఎత్తుపల్లాలు పడి వచ్చిందో నాకు ఇంకా చెవిలో ఉంది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన తొందరపెట్టలేదు. "ఉండాది నాయనా. ఆ అయ్యవారి దగ్గరే" అన్నాను.

ఇద్దరం పెనుకొండ పోయాం. అయ్యవారి ఇల్లు కొండకు దగ్గరగా, రాళ్ళ సందులో ఉంది. ఆయన మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. నాయన నమస్కారం పెట్టి నిలబడ్డాడు. క్షమించమనడం ఆయనకు చేతకాదు. అయ్యవారూ ఆ మాట కోసం చూడలేదు. "పాప లోపలికి రావల్ల. మీరు ఈ అరుగు మీద కూర్చోండి శెట్టీ" అన్నాడు. ధర్మవరంలో అందరినీ కూర్చోబెట్టి చీరలు చూపించే మా నాయన, ఎండ పడే ఆ అరుగు మీద కండువా తలకు చుట్టుకుని కూర్చున్నాడు.

లోపల అయ్యవారు తంబూరా నా ఒళ్ళో పెట్టి, తీగ మీటడం చూపించాడు. ఆ రోజంతా అదే. పాడమనలేదు. నేను మీటాను, విన్నాను. మధ్యలో ఒకసారి తలుపు సందులోంచి నాయన వీపు కనిపించింది. అటు తిరిగి కదలకుండా కూర్చున్నాడు, లోపలికి చూస్తే ఎక్కడ నా చెయ్యి ఆగిపోతుందోనని.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాయన అడిగాడు.

"ఈపొద్దు ఏం పాట చెప్పినాడు?"

"ఏం చెప్పలేదు నాయనా. వినమన్నాడు."

నాయన కిటికీలోంచి బయటికి చూశాడు. శనగకాయ చేలు, రాతి గుండ్లు, మళ్ళా శనగకాయ చేలు. ధర్మవరంలో బండి నిలబడుతుండగా లేచి, నా చెయ్యి పట్టుకుని,

"మళ్ళా బేస్తవారం పోదాం. నేను అరుగు మీదే కూర్చుంటాలే" అన్నాడు.